బస్సు ఎన్నింటికి?

మొన్న ఆదివారం చెల్లి వాళ్లింటికి బయలుదేరిన అమ్మ గుమ్మంలో ఆగి, "బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. ఎవరింట్లోనైనా వినిపించే మాటే. కానీ అమ్మ నోట ఆ మాట విని నాలుగేళ్లయింది. ఈ ఇంటికి వచ్చాక ఆమెకు దాని అవసరమే రాలేదు. సంచి భుజాన వేసుకుని స్టాప్ దాకా మెల్లగా నడిచి వెళ్లేది, ఐదారు నిమిషాల్లో బస్సు వచ్చేది, ఎక్కేది. బయటికి వెళ్లే ముందు టైమ్ చూసుకునే అలవాటు పూర్తిగా పోయింది.

ఆరు నెలల కిందట మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో కొత్త మెట్రో లైను మొదలైంది. అదే నెలలో మా రోడ్డు మీద బస్సులు సగానికి పైగా తగ్గించేశారు. ఇక జనం మెట్రో ఎక్కుతారు కదా, ఇన్ని బస్సులు ఎందుకు అన్నది వాళ్ల లెక్క. ఇప్పుడు ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట నిలబడాలి. మెట్రో మీద నాకు ఏ కోపమూ లేదు. నగరం అటు చివర పని పడితే నేనూ అదే ఎక్కుతాను, ఎక్కిన ప్రతిసారీ సంతోషంగానే ఉంటుంది. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి రెండు కిలోమీటర్లు నడిచి, లిఫ్టు ఎటువైపు ఉందో వెతుక్కుని, మళ్లీ ప్లాట్‌ఫాం మీద నడిచి రైలెక్కాలంటే ఎలా? దగ్గర్లో ఆగే బస్సుకి అది బదులు కాలేదు.

పెద్ద నగరాల్లో ప్రయాణాల గురించి మాట్లాడేటప్పుడు మనం మొదట అడగాల్సిన ప్రశ్నని చివరికి నెట్టేస్తున్నాం అని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. మెట్రో ఎన్ని కిలోమీటర్లు వేశారు, ట్రామ్ మంచిదా మోనోరైలు మంచిదా, ఎలక్ట్రిక్ బస్సులు ఎన్ని కొన్నారు అని చర్చలు నడుస్తాయి. స్టాప్‌లో నిలబడ్డ మనిషికి ఇంకో బండి ఎన్ని నిమిషాల్లో వస్తుంది అని మాత్రం ఎవరూ గట్టిగా అడగరు. నా వాదనంతా దాని గురించే. ఏ బండి అన్నది తర్వాత. ఎంత తరచుగా వస్తుంది, రాత్రి ఎంతసేపటి దాకా వస్తుంది అన్నది ముందు.

ఈ సంగతి నాకు ఇల్లు మారినప్పుడు తెలిసింది. ఇంతకుముందున్న ఇంటికి గేటు ఎదురుగానే బస్టాప్. ఆ ఇల్లు తీసుకోవడానికి అదీ ఒక కారణం. తీరా చేరాక తెలిసిందేమిటంటే బస్సు ముప్పావుగంటకి ఒకటి. అక్కడున్న ఆరేళ్లూ ఇంట్లో ప్రతి పనీ ఆ బస్సు టైముకి కట్టుబడి నడిచింది. పొద్దున 8:10 బస్సు తప్పితే ఇక 8:55. ఆఫీసులో ఐదు నిమిషాలు ఎక్కువ కూర్చుంటే ఇంటికి చేరడం ముప్పావుగంట ఆలస్యం. ఎవరింటికైనా వెళ్తే కబుర్ల మధ్యలో గడియారం చూసుకుని లేచి వచ్చేయాలి. అమ్మ అయితే బయటికి వెళ్లడమే తగ్గించేసింది. "వెళ్లడం సరే, తిరిగి రావడానికి టెన్షన్" అనేది.

ఇప్పటి ఇంటి నుంచి స్టాప్ పది నిమిషాల నడక. కానీ మొన్నటి దాకా ఆరేడు నిమిషాలకి ఒక బస్సు. మ్యాపు తీసి చూస్తే పాత ఇల్లే బస్సుకి దగ్గర. ఉండి చూస్తే ఈ ఇల్లే దగ్గర. బస్టాప్‌కి ఇంత దూరంలో ఇన్ని లక్షల మంది ఉన్నారు అని నగరాలు లెక్కలు చూపించినప్పుడల్లా నాకు ఆ పాత గేటు గుర్తొస్తుంది. ఆ లెక్క ప్రకారం మేం చాలా మంచి సౌకర్యం ఉన్నవాళ్లం.

ఎదురుచూపుకి ఒక లెక్క ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి. బస్సులు పది నిమిషాలకి ఒకటి చొప్పున సమానంగా వస్తుంటే, టైమ్ చూసుకోకుండా వెళ్లిన మనిషికి సగటున ఐదు నిమిషాల ఎదురుచూపు. ఇప్పుడు అవే బస్సులు జంటలుగా వస్తున్నాయనుకోండి. ఒకటి పోయిన రెండు నిమిషాలకే ఇంకోటి, ఆ తర్వాత పద్దెనిమిది నిమిషాలు ఏమీ ఉండదు. గంటకి ఆరు బస్సులు తిరిగినట్టే, కాగితం మీద ఏ తేడా కనిపించదు. కానీ సగటు ఎదురుచూపు ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది. ఎందుకంటే పదిమందిలో తొమ్మిది మంది స్టాప్‌కి చేరేది ఆ పద్దెనిమిది నిమిషాల ఖాళీలోనే. "వస్తే అన్నీ ఒకేసారి వస్తాయి, లేకపోతే ఒక్కటీ రాదు" అని స్టాప్‌లో జనం విసుక్కునే మాట అక్షరాలా నిజం.

బస్సులు ఇలా గుంపు కట్టడానికి డ్రైవర్లని తిట్టడం అన్యాయం. 1964లోనే న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని గణితంతో వివరించారు. ఒక బస్సు ఏ సిగ్నల్ దగ్గరో రెండు నిమిషాలు ఆలస్యమైతే, తర్వాతి స్టాప్‌లో ఆ రెండు నిమిషాల్లో ఇంకొంతమంది చేరతారు. వాళ్లంతా ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. ఆ తర్వాతి స్టాప్‌లో ఇంకా ఎక్కువమంది. వెనకాల వచ్చే బస్సుకి ఎక్కేవాళ్లు తగ్గిపోతారు కాబట్టి అది త్వరత్వరగా వచ్చి ముందు బస్సుని పట్టేసుకుంటుంది. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా. దీనికి మందు డ్రైవర్ చేతిలో లేదు, రోడ్డులో ఉంది. బస్సుకి విడిగా ఒక లేన్ ఉండాలి. అన్ని తలుపుల నుంచీ ఎక్కనివ్వాలి. టికెట్ ఎక్కకముందే తీసుకునే ఏర్పాటు ఉండాలి. బయలుదేరే చోట రెండు బస్సుల మధ్య ఎడం చూసి పంపే మనిషి ఉండాలి.

ఇక బస్సు మారాల్సి వస్తే ఈ బాధ రెట్టింపు. పెద్ద నగరంలో మారకుండా అన్నిచోట్లకీ వెళ్లడం కుదరదు. ఏ నగరమూ ప్రతి పేట నుంచి ప్రతి పేటకీ నేరుగా బస్సు వేయలేదు. రెండు రూట్లూ ఆరు నిమిషాలకి ఒకటైతే మారడం పెద్ద విషయమే కాదు, దిగి నాలుగు మాటలు మాట్లాడేలోపు రెండోది వస్తుంది. రెండూ అరగంటకి ఒకటైతే, అదృష్టం బాగా లేని రోజున గంట సేపు రోడ్డు మీదే. అందుకే జనం "డైరెక్ట్ బస్సు కావాలి" అని అడుగుతారు. అడిగినవాళ్లందరికీ డైరెక్ట్ బస్సులు వేస్తూ పోతే ఉన్న బస్సులే వంద రూట్లకి పలచగా పరుచుకుని, ఏ రూట్లోనూ తరచుగా రాకుండా పోతాయి.

అమెరికాలోని హ్యూస్టన్ 2015 ఆగస్టులో ఈ ముడిని ఒకేసారి విప్పింది. నగరంలో బస్సు రూట్లన్నీ దాదాపు మొత్తంగా తిరగరాసి, ఒక ఆదివారం పొద్దున నుంచి కొత్త పటం అమల్లోకి తెచ్చారు. నడిపే ఖర్చు ఇంచుమించు అంతే. కానీ వంకరటింకర రూట్లు తీసేసి, ముఖ్యమైన రోడ్ల మీద వారంలో ఏడు రోజులూ పావుగంటకి ఒకటి లేదా అంతకన్నా తరచుగా బస్సులు వచ్చేలా పేర్చారు. దీనివల్ల కొందరికి స్టాప్ దూరమైంది, ఇంటి ముందు ఆగే బస్సు పోయింది. ఆ నష్టాన్ని దాచకుండా చెప్పాలి. అమ్మ లాంటి వాళ్లకి అది చిన్న నష్టం కాదు. అయినా, మా పాత గేటు ముందు ఆరేళ్లు నిలబడ్డాక, నాకిస్తే నేను ఆ పది నిమిషాల నడకనే తీసుకుంటాను.

దక్షిణ కొరియా రాజధాని సియోల్ ఇంకా పెద్ద పని చేసింది. 2004 జులై 1కి ముందు అక్కడ ప్రైవేటు కంపెనీలు తమ రూట్లలో ప్రయాణికుల కోసం పోటీలు పడుతూ బస్సులు నడిపేవి. ఆ రోజు నుంచి రూట్లు నిర్ణయించే పని నగరం తీసుకుంది. కంపెనీలకి ఎక్కించుకున్న జనాన్ని బట్టి కాక తిరిగిన కిలోమీటర్లని బట్టి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. పేటల్ని కలిపే పెద్ద రూట్లకి నీలం, లోపలి వీధులకి ఆకుపచ్చ, శివార్లకి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లకి ఎరుపు, నగరం నడిబొడ్డున చుట్టు తిరిగే వాటికి పసుపు రంగు. ఒకే కార్డు మీద బస్సు నుంచి బస్సుకి, బస్సు నుంచి మెట్రోకి మారవచ్చు, ఛార్జీ మొత్తం దూరానికే. మొదటి రోజుల్లో కార్డు యంత్రాలు మొరాయించి, జనానికి రూట్లు అర్థం కాక చాలా గందరగోళమైంది. ఆ గందరగోళానికి భయపడి వెనక్కి తగ్గకపోవడం వల్లే అది నిలబడింది.

"బస్సులు తరచుగా నడపాలంటే జనం ఉండాలి కదా" అంటారు. దీన్ని తిప్పి చూసినవాడు హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త, 1972లో. కారుల్లో జనం పెరిగితే రోడ్డు మీద అందరికీ ఆలస్యం పెరుగుతుంది. బస్సుల్లో జనం పెరిగితే ఆ రూట్లో ఇంకో బస్సు వేయవచ్చు, అప్పుడు పాతవాళ్లకి కూడా ఎదురుచూపు తగ్గుతుంది. నా పక్కన కొత్తగా వచ్చి నిలబడ్డ మనిషి నాకు మేలు చేస్తున్నాడన్నమాట. ఇదే చక్రం వెనక్కి కూడా తిరుగుతుంది. బస్సులు తగ్గిస్తే జనం తగ్గుతారు, జనం తగ్గారని ఇంకొన్ని తగ్గిస్తారు. మా రోడ్డు మీద ఇప్పుడు జరుగుతున్నది ఇదేనని నా భయం. మెట్రో స్టేషన్ దాకా తీసుకెళ్లాల్సిన బస్సుల్నే తగ్గిస్తే మెట్రోకి మాత్రం జనం ఎక్కడినుంచి వస్తారు? స్కూటరు మీద వస్తారు, లేదా అదే స్కూటరు మీద నేరుగా ఆఫీసుకే పోతారు.

మెట్రో కట్టడం కోసం బస్సుల్ని మాడ్చడం మీద కోర్టు దాకా వెళ్లిన నగరం ఒకటుంది, లాస్ ఏంజెలిస్. 1994లో అక్కడి రవాణా సంస్థ ఒకవైపు కొత్త రైలు మార్గానికి డబ్బు కేటాయిస్తూ, ఇంకోవైపు బస్సు ఛార్జీలు పెంచి నెల పాస్ తీసేయాలనుకుంది. బస్సు ప్రయాణికులు సంఘంగా కూడి పౌరహక్కుల చట్టం కింద దావా వేశారు. బస్సులు ఎక్కేవాళ్లలో అత్యధికులు పేదలు, నల్లజాతి వాళ్లు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలు. రైళ్ల కోసం వాళ్ల మీద భారం వేయడం వివక్షే అని వాళ్ల వాదన. 1996లో రాజీ కుదిరింది. నెల పాస్ నిలిచింది, బస్సులో నిలబడేవాళ్ల సంఖ్యకి ఒక పరిమితి పెట్టి దాన్ని దశలవారీగా తగ్గించడానికి సంస్థ ఒప్పుకుంది. ఆ పరిమితి నాకు చాలా ఇష్టమైన విషయం. ఎన్ని కిలోమీటర్లు వేశాం అన్న లెక్క పక్కన పెట్టి, బస్సు లోపల ఎంతమంది ఊపిరాడక నిలబడుతున్నారు అని కొలవడం!

మెట్రోని కాదనుకుని రోడ్డునే సరిచేసుకున్న నగరం స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్. 1962లో నగరం మధ్యలో ట్రామ్‌లని భూమి కిందికి దింపుదామని ఓటుకి పెడితే జనం వద్దన్నారు. 1973లో భూగర్భ మెట్రో ప్రతిపాదన వచ్చింది, దాన్నీ వద్దన్నారు. ట్రామ్‌లు కిందికి పోతే పైన రోడ్డంతా కార్లకి వదిలేసినట్టే అన్నది చాలామంది అభ్యంతరం. 1977లో అదే జనం ట్రామ్‌లకి, బస్సులకి రోడ్డు మీద దారి ఇవ్వడానికి డబ్బు ఖర్చుపెట్టమని ఓటేశారు. అప్పటి నుంచి నగరం ఏళ్ల తరబడి చిన్న చిన్న పనులు చేస్తూ వచ్చింది. ఇక్కడ ఒక మలుపు మూసేశారు, అక్కడ పార్కింగ్ తీసేశారు. ట్రామ్ వస్తోందని సిగ్నల్‌కి ముందే తెలిసేలా చేశారు. ట్రామ్ కూడలికి చేరేసరికి పచ్చ లైటు పడుతుంది. రైలు మీద వాళ్లకి వ్యతిరేకత లేదు. శివార్లని కలిపే రైళ్లు 1990లో మొదలయ్యాయి, బాగా నడుస్తున్నాయి. ముందు ఉన్న రోడ్డుని సరిగ్గా పంచుకున్నారు, అంతే.

ఆ పంపకం దగ్గరే మన నగరాలు ఆగిపోతాయి. అమెరికా నగర రవాణా అధికారుల సంఘం వేసిన ఒక అంచనా ఉంది. నగరంలో మామూలు వెడల్పున్న ఒక్క లేన్‌లో సొంత వాహనాల మీద గంటకి 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే లేన్ బస్సులకి మాత్రమే వదిలేస్తే 4,000 నుంచి 8,000 మంది. కొలంబియా రాజధాని బొగోటా ఇంకా ముందుకు వెళ్లింది. 2000 డిసెంబరులో మొదలైన అక్కడి ట్రాన్స్‌మిలేనియో బస్సు వ్యవస్థలో రోడ్డు మధ్యన బస్సులకి విడి దారులు, ఎత్తయిన స్టేషన్లు, ఒక బస్సు ఆగితే ఇంకోటి దాటిపోవడానికి పక్కన మరో లేన్ ఉంటాయి. రద్దీ దారిలో ఒకవైపుకే గంటకి 40 వేల మందికి పైగా ప్రయాణం చేస్తారు. చాలా మెట్రోలకి కూడా అంత జనం ఉండరు. ఇప్పుడు ఆ బస్సులు విపరీతంగా నిండిపోయి, బొగోటా మెట్రో కట్టుకుంటోంది. అది న్యాయమే. బస్సులు చేయగలిగిందంతా చేశాక, ఇక చాలవని తేలిన దారిలో మెట్రో వేయాలి.

లేన్ ఇవ్వండి అనగానే "కార్ల వాళ్లు ఊరుకోరు" అంటారు. లండన్ 2003 ఫిబ్రవరిలో నగరం మధ్యలోకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టిన రోజునే సుమారు 300 అదనపు బస్సుల్ని రోడ్డెక్కించింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ 2006లో ఏడు నెలలు ప్రయోగంగా రుసుము పెట్టింది, అదనపు బస్సుల్ని దానికి కొన్ని నెలల ముందే నడిపింది. ట్రాఫిక్ ఐదో వంతు దాకా తగ్గింది. మొదట వ్యతిరేకించిన జనమే తర్వాత ఓటింగ్‌లో సరేనన్నారు. రెండు చోట్లా రుసుము మొదలయ్యేసరికే ప్రత్యామ్నాయం జనం కళ్ల ముందు ఉంది. ఉచిత ప్రయాణం గురించి ఒక్క మాట. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లో తన నివాసులకి బస్సులు, ట్రామ్‌లు ఉచితం చేసింది. కొత్తగా ఎక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్లేవాళ్లే అని పరిశీలనలో తేలింది, కారు వదిలినవాళ్లు తక్కువ. డబ్బుకి ఇబ్బందిపడే వాళ్లకి ఉచితం చాలా పెద్ద ఊరట, దాన్ని నేను తక్కువ చేయను. కానీ రాని బస్సు ఉచితమైనా ఎక్కలేం.

ఎవరి ప్రయాణాల కోసం ఇదంతా అన్నది కూడా ఆలోచించాలి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1999లో నగరపాలక అధికారులు జనం ఎలా తిరుగుతున్నారో అడిగి రాయించుకున్నారు. మగవాళ్లలో ఎక్కువమంది పొద్దున పనికి, సాయంత్రం ఇంటికి అని రాసి ముగించారు. ఆడవాళ్ల జవాబులు అంత త్వరగా పూర్తి కాలేదు. పిల్లల్ని బడిలో దింపడం, డాక్టరు దగ్గరికి, సరుకులకి, పెద్దవాళ్లని చూసి రావడం, ఇలా ఒకదాని వెంట ఒకటి. మెట్రో లైన్లు ఎక్కువగా పొద్దున నగరం మధ్యలోకి, సాయంత్రం బయటికి వెళ్లేవాళ్ల కోసం గీసినవి. అమ్మ వెళ్లే దారులు పొద్దున పదకొండింటికి, పేట నుంచి పక్క పేటకి, రెండు మైళ్ల లోపు. వాటికి బస్సే కావాలి. అది రద్దీ వేళల్లోనే కాకుండా రోజంతా తిరగాలి.

గత నెల మెట్రో రెండో దశ మీద అభిప్రాయాలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. గోడల నిండా రంగురంగుల మ్యాపులు, స్టేషన్ల బొమ్మలు. ప్రతి స్టేషన్ నుంచి చుట్టుపక్కల పేటలకి ఎన్ని నిమిషాలకి ఒక బస్సు ఉంటుందని అడిగాను. వేదిక మీదున్న అధికారి మర్యాదగానే జవాబిచ్చారు, ఆ వివరాలు తర్వాత నిర్ణయిస్తామన్నారు. కానీ ప్లాట్‌ఫాం టైల్స్ రంగు మాత్రం అప్పటికే బొమ్మలో ఉంది.

మా వీధివాళ్లం నలభై మంది కలిసి ఒక అర్జీ రాశాం. మా రోడ్డు మీద బస్సుల్ని తిరిగి ఏడు నిమిషాలకి తేవాలని, వాటిని మెట్రో స్టేషన్ మీదుగా నడపాలని, సంత దగ్గర ఎప్పుడూ ఇరుక్కుపోయే ఆ కిలోమీటరు దూరం బస్సులకి విడి లేన్ ఇవ్వాలని, ఆఖరి బస్సు ఆఖరి మెట్రో రైలు వచ్చాకే బయలుదేరాలని అడిగాం. అమ్మ తన చేత్తో ఇంకో వాక్యం చేర్చింది, స్టాప్‌లో కూర్చోవడానికి బల్ల కావాలని.

వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి మళ్లీ సమావేశం ఉంది. తనూ వస్తానంది అమ్మ. ఆ హాలుకి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. మూడున్నరకే బయలుదేరదామంటోంది.